కాటు ఒకచోట, సూది మరొకచోట
కుక్క కాటు వైద్యంలో మహానగరపు దూరాభారం

బీదరు జిల్లా ఔరాదు వైపు పల్లె నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, హైదరాబాదు పడమటి అంచున, పటాన్‌చెరు దాటిన తరువాత భవన నిర్మాణ పనులలో కుదిరిన ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. సాయంత్రం గుడిసె ముందు ఆడుకుంటున్న ఆరేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్క చేతిమీద కరిచింది. రక్తం వచ్చింది. ‘నారాయణగూడకు తీసుకుపోండి, లేదంటే కోరంటి దవాఖానాకు పోండి’ అన్నాడు మేస్త్రీ. ఆ రెండూ అక్కడికి దాదాపు 30 కిలోమీటర్ల దూరం. దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఏది, అందులో ఏ మందు ఏ వేళ దొరుకుతుంది అన్నది మేస్త్రీకీ తెలియదు, తల్లిదండ్రులకు అసలే తెలియదు. మర్నాడు తండ్రి కూలి మానుకుని పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సెక్కాడు.

అంతటితో అయిపోతే ఒక రోజు కష్టం. కాని కుక్క కాటు వైద్యం ఒక్క సూదితో ముగిసేది కాదు. మూడవ రోజు మళ్లీ రావాలి, ఏడవ రోజు మళ్లీ రావాలి, ఇరవై ఎనిమిదవ రోజు ఇంకొకసారి రావాలి. రానూపోనూ లెక్కవేస్తే నాలుగు ప్రయాణాలకు 240 కిలోమీటర్లు. ఇదే కాటు నారాయణగూడ పక్క వీధిలోని పిల్లవాడికి పడి ఉంటే నాలుగుసార్లూ కాలినడకన పోయి వచ్చేవాడు. నగరం ఒకటే, మందు ఒకటే, ఉచితమే. అయినా ఇద్దరికీ అది ఒకే విధంగా అందుబాటులో లేదు. ‘మందు ఉన్నదా’ అన్న ప్రశ్నకు ప్రభుత్వ లెక్కలలో జవాబు దొరుకుతుంది. ‘ఎంత దూరంలో ఉన్నది, ఎన్నిసార్లు పోవాలి’ అన్న ప్రశ్నకు మాత్రం పటం ముందు పెట్టుకుంటేనే జవాబు దొరుకుతుంది.

గడువు తక్కువ, పొరపాటుకు తావు లేదు

రేబిస్ వ్యాధి క్రిమి కాటు గాయం ద్వారా శరీరంలో ప్రవేశించి, నరాల వెంబడి మెల్లగా మెదడుకు చేరుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కసారి వారం రోజులలోనే లక్షణాలు కనిపించవచ్చు, ఒక్కొక్కసారి ఏడాది దాటవచ్చు. కాటు తలకు, ముఖానికి, మెడకు, చేతివేళ్లకు పడితే ప్రమాదం ఎక్కువ. పిల్లలు పొట్టివారు కావడంవల్ల వారికి పై భాగాలలోనే కాట్లు పడడం తరచుగా జరుగుతుంది. లక్షణాలు మొదలైన తరువాత రోగిని బతికించే వైద్యం దాదాపు లేనట్లే. లక్షణాలకు ముందు సరైన చికిత్స అందితే మరణాన్ని దాదాపుగా పూర్తిగా నివారించవచ్చు. నూటికి నూరుపాళ్ల మరణానికీ నూటికి నూరుపాళ్ల రక్షణకూ మధ్య ఉన్నది సకాలంలో అందే వైద్యం ఒక్కటే. అందువల్లనే ఈ వ్యాధి విషయంలో దూరం అన్నది కేవలం అసౌకర్యం కాదు.

చికిత్సలో మూడు భాగాలు ఉన్నాయి. మొదటిది, కాటుపడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలపాటు కడగడం. దీనికి ఏ ఆసుపత్రీ అక్కరలేదు. రెండవది టీకా. మూడవది, చర్మం చీరి రక్తం వచ్చిన గాయాలకు టీకాతోపాటు ఇవ్వవలసిన ఇమ్యునోగ్లోబ్యులిన్. దీనిని వాడుకలో సీరం అంటారు. టీకా వల్ల శరీరం తన రక్షణను తానే తయారు చేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. అంతవరకు గాయం దగ్గరే క్రిమిని అడ్డుకునేది సీరం. దీనిని గాయంలోనూ దాని చుట్టూ ఎక్కిస్తారు. మొదటి టీకా రోజునే ఇవ్వడం ఉత్తమం. ఆ రోజు వీలు కాకపోతే ఏడు రోజులలోపు ఇవ్వవచ్చు. ఆ తరువాత ఇచ్చి ప్రయోజనం లేదు.

ఈ మూడింటిలో మొదటిది ప్రతి ఇంటిలోనూ ఉన్నది. రెండవది చాలా చోట్ల ఉన్నది. మూడవది కొద్ది చోట్లనే ఉన్నది. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న గాయానికి కావలసిన మందే అందరికంటే దూరంలో ఉండడం ఇక్కడి అసలు చిక్కు.

మొదటినుంచీ ప్రయాణంతో ముడిపడిన వైద్యం

ఈ వైద్యం పుట్టినప్పటినుంచీ దూరంతో ముడిపడి ఉన్నది. 1885 జూలైలో లూయీ పాశ్చర్ మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ పారిస్ నగరవాసి కాదు. పిచ్చికుక్క కరిచిన ఆ బాలుణ్ణి తల్లి ఆల్సేస్ ప్రాంతం నుంచి పారిస్‌కు తీసుకువెళ్లింది. భారతదేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ పాదాలలోని కసౌలీలో వెలిసింది. దక్షిణాదివారి కోసం 1907లో నీలగిరులలోని కూనూరులో మరొకటి ఏర్పడింది. అంతవరకు దక్షిణదేశంలో పిచ్చికుక్క కరిచినవారికి కసౌలీయే దిక్కు. రోజులకొద్దీ రైలు ప్రయాణం చేయగలిగినవారికే ఆ వైద్యం.

1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొర్రె మెదడు నుంచి తయారు చేసిన టీకా ఈ దూరాన్ని కొంత తగ్గించింది. దానిని జిల్లా ఆసుపత్రులకు పంపే వీలు కలిగింది. బొడ్డు చుట్టూ వేసే సూదులుగా పెద్దలందరికీ గుర్తున్నది ఆ టీకాయే. పది నుంచి పద్నాలుగు రోజులు వరుసగా వేయించుకోవలసి ఉండేది. కొందరిలో నరాలకు హాని చేసే గుణం కూడ దానికి ఉండేది. 2004 చివరికి దేశంలో దాని తయారీ నిలిచిపోయింది. ఆ స్థానంలో కణజాల టీకాలు వచ్చాయి. చేతికి వేస్తారు, నొప్పి తక్కువ, భద్రత ఎక్కువ. సూదుల సంఖ్య తగ్గింది. కాని సూది వేసే చోట్లు ఆ వేగంతో పెరగలేదు.

హైదరాబాదు పటం చెబుతున్నది

హైదరాబాదులో కుక్క కాటు అనగానే జనం నోట వచ్చే పేర్లు రెండు. ఒకటి నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థ, అంటే ఐపీఎం. రెండవది నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి. సర్ రొనాల్డ్ రాస్ పేరుమీద ఉన్న ఈ ఆసుపత్రిని పాతవారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. ‘క్వారంటైన్’ అన్న మాట జనం నోట నలిగి కోరంటి అయింది. రేబిస్ లక్షణాలు బయటపడిన రోగులను చేర్చుకునే చోటు కూడ ఇదే. తెలంగాణ జిల్లాలవారితోపాటు పొరుగున ఉన్న కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలవారు సైతం ఇక్కడికే వస్తారు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు ఉన్నా కుక్క కాటుకు ప్రత్యేకంగా పేరుపడినవి మాత్రం ఈ రెండే.

ఈ రెండింటి మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లకు మించదు. రెండూ నగరపు నడిబొడ్డునే ఉన్నాయి. నగరం చిన్నదిగా ఉన్న రోజులలో ఇందులో వింత ఏమీ లేదు. కాని 2007లో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలు కలిసి బృహత్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు నగర విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లకు చేరింది. నగరాన్ని చుట్టిన బాహ్యవలయ రహదారి పొడవే 158 కిలోమీటర్లు. 2025 డిసెంబరులో మరి 27 పట్టణ స్థానిక సంస్థలు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. ఊరు నలుదిక్కులా పెరిగింది. పేరుపడ్డ వైద్యం మాత్రం నడిమధ్యనే నిలిచిపోయింది.

కుక్క కాట్లు ఎక్కువగా పడే చోట్లు ఏవి అన్నది కూడ చూడవలసి ఉంది. చెత్త కుప్పలు, కోళ్లు మేకల వ్యర్థాలు పారవేసే స్థలాలు, సగం కట్టి వదిలిన భవనాలు, కూలీల గుడిసెలు ఉన్నచోట కుక్కలు గుంపులు కడతాయి. ఇవన్నీ నగరపు అంచులలోనే అధికం. నగరపు చెత్తనంతా మోసే జవహర్‌నగర్‌లో 2024 జూలైలో ఏడాదిన్నర పసివాడు కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోవడం తెలిసిందే. కాటు అంచున ఎక్కువ, వైద్యం నడుమ ఎక్కువ. ఈ ఎదురుబొదురు అమరికయే అసమానతకు మూలం.

ఒకచోటనే ఎందుకు పోగుపడుతుంది?

దీనికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమనుకోవడం సరికాదు. మందు స్వభావంలోనే ఒక కారణం ఉన్నది. టీకాను రెండు విధాలుగా ఇవ్వవచ్చు. కండలోకి ఇస్తే ఒక రోగికి ఒకసారికి ఒక సీసా మొత్తం ఖర్చవుతుంది, మొత్తం ఐదుసార్లు ఇవ్వాలి. చర్మపు పొరలోకి ఇస్తే రెండు భుజాలకూ చెరి 0.1 మిల్లీలీటరు చాలు. ఒక మిల్లీలీటరు సీసా ఐదుగురికి సరిపోతుంది, నాలుగుసార్లు ఇస్తే చాలు. ఈ పొదుపు పద్ధతికి 2006లో దేశంలో అనుమతి లభించింది. పెద్ద సర్కారు ఆసుపత్రులు దీనినే అనుసరిస్తున్నాయి.

అయితే ఒకసారి తెరిచిన సీసాను చల్లగా ఉంచి 6 నుంచి 8 గంటలలోగా వాడివేయాలి. రోజుకు వందలమంది వచ్చేచోట చుక్క వృథా కాదు. రోజుకు ఒకరో ఇద్దరో వచ్చే చిన్న కేంద్రంలో మిగిలిన మందు పారబోయవలసి వస్తుంది. ఆ భయంతో చిన్న కేంద్రాలు ‘నలుగురైదుగురు పోగయిన రోజు వేస్తాము’ అనడమో, పెద్ద ఆసుపత్రికి పంపివేయడమో జరుగుతుంది. పంపిన కొద్దీ పెద్ద ఆసుపత్రిలో జనం పెరుగుతారు, చిన్న కేంద్రంలో తగ్గుతారు. మర్నాడు అక్కడ సీసా తెరవడం ఇంకా కష్టమవుతుంది. డబ్బు ఆదా చేయడానికి వచ్చిన పద్ధతి ఈ విధంగా ప్రభుత్వపు ఖర్చును తగ్గించి, ఆ భారంలో కొంత బస్సు చార్జీల రూపంలో, పోయిన కూలి రూపంలో రోగి మీదికి మళ్లించింది.

సీరం విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. గుర్రపు రక్తం నుంచి తీసే సీరం కొందరికి పడకపోవచ్చు కనుక అటువంటి ఉపద్రవాన్ని ఎదుర్కొనే మందులు, అనుభవం గల వైద్యుడు దగ్గర ఉండాలి. మనిషి రక్తం నుంచి తీసే సీరం ఖరీదు ఎక్కువ. గాయంలోకి సూది ఎక్కించడానికి నేర్పు కావాలి, ముఖ్యంగా పసిపిల్లల వేళ్లకు, పెదవులకు. అందుచేత చిన్న కేంద్రాలలో టీకా ఇచ్చి, సీరం కోసం పెద్ద ఆసుపత్రికి చీటీ రాసి పంపడం దేశమంతటా వాడుకగా మారింది.

ఇక వేళల సంగతి. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పగటిపూట పనిచేస్తాయి. కూలి మనుషులకు అదే పని వేళ. పిల్లలను కుక్కలు కరిచేది తరచు సాయంత్రం ఆటల సమయంలో. దగ్గరలో కేంద్రం ఉన్నా తలుపు మూసి ఉంటే అది దూరంలో ఉన్నట్లే లెక్క.

దూరం వసూలు చేసే మూల్యం

2022-23 సంవత్సరాలలో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన దేశంలోని అనేక రాష్ట్రాలలో జరిగిన సర్వే ప్రకారం దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతు కాట్లు పడుతున్నాయి. రేబిస్ వల్ల ఏటా 5,700 మందికి పైగా మరణిస్తున్నట్లు అంచనా. కుక్క కరిచినవారిలో దాదాపు ఐదింట ఒకరు ఒక్క టీకా కూడ వేయించుకోలేదు. మొదలుపెట్టినవారిలోనూ అందరూ చివరిదాకా పూర్తి చేయలేదు.

మానివేయడానికి కారణాలు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటి. మొదటి సూదికి భయం తీసుకువెళుతుంది. మూడవ రోజుకు గాయం మానుముఖం పడుతుంది. ఏడవ రోజుకు కుక్క ఇంకా వీధిలోనే తిరుగుతూ కనిపిస్తుంది. అప్పుడు మరొక రోజు కూలి పోగొట్టుకోవాలా అన్న ఆలోచన వస్తుంది. దగ్గరలో ఉన్నవారికి ఈ ఆలోచన రాదు, సూది వేయించుకుని పనికి పోతారు. దూరం ఈ విధంగా మొదటి ప్రయాణంలో కాక, మూడవ నాలుగవ ప్రయాణాలలో తన పని చేస్తుంది. ఒంటరి వృద్ధులు, చంటిబిడ్డ తల్లులు, యజమాని సెలవు ఇవ్వని కాపలాదారులు ముందుగా జారిపోయేవారిలో ఉంటారు.

దూరాన్ని తగ్గించే దారులు

ఈ చిక్కుకు విరుగుడు లేకపోలేదు. హిమాచల్ ప్రదేశ్ రాజధాని సిమ్లాలో డాక్టర్ ఓమేశ్ భారతి చేసిన కృషి ఇందుకు తార్కాణం. పూర్వం సీరం మోతాదును రోగి బరువునుబట్టి లెక్కకట్టి, గాయంలో పట్టినంత ఎక్కించి, మిగిలినదంతా కండలోకి ఇచ్చేవారు. గుర్రపు సీరం కిలోకు 40 యూనిట్ల చొప్పున 60 కిలోల మనిషికి 2,400 యూనిట్లు అవుతుంది, అంటే 1,500 యూనిట్ల సీసాలు రెండు తెరవవలసిందే. గాయంలో మాత్రమే ఎక్కిస్తే చాలునని, చిన్న గాయానికి ఒక సీసాలో కొద్ది భాగమే సరిపోతుందని సిమ్లా అనుభవం చూపింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విధానాన్నే సిఫారసు చేసింది. 2019లో డాక్టర్ భారతిని పద్మశ్రీ వరించింది.

ఇది కేవలం పొదుపు సంగతి కాదు. ఇద్దరికి చాలని సీరం పలువురికి చాలినప్పుడు, అదే నిల్వను నగరంలోని మరిన్ని చోట్ల పంచిపెట్టవచ్చు. నగరపు నాలుగు దిక్కులా ఉన్న ప్రాంతీయ ఆసుపత్రులలో రాత్రింబవళ్లు సీరం ఉండేటట్లు చూడడం, చుట్టుపక్కల చిన్న కేంద్రాలలో తరువాతి మోతాదులు వేయడం అసాధ్యమైన పని కాదు. మొదటి రోజు పెద్ద ఆసుపత్రికి పోయినా, మిగిలిన మూడు ప్రయాణాలు ఇంటి పక్కనే ముగిస్తే దూరాభారం నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఒక్క రోగి కోసం సీసా తెరిచినా తప్పులేదని చిన్న కేంద్రానికి స్పష్టమైన ఉత్తరువు ఇవ్వడం కూడ అవసరం. పారబోసిన మందు ఖరీదు ఒక ప్రాణం ఖరీదుకు సమానం కాదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు సామాన్య వైద్యాన్ని వీధి చివరకు తీసుకురాగలిగినప్పుడు, కుక్క కాటు వైద్యమూ ఆ దారి పట్టవచ్చు. ఏ కేంద్రంలో ఏ వేళ ఏమి దొరుకుతుందో బస్తీ బస్తీకి బోర్డు రాసి పెట్టడానికి పెద్ద ఖర్చు కూడ కాదు.

సరిహద్దు కుటుంబాలకు పట్టే విషయం

బీదరు, రాయచూరు, నాందేడు జిల్లాల తెలుగు కుటుంబాలకు హైదరాబాదు ఎలాగో, కోలారు, హోసూరు వైపువారికి బెంగళూరు అలాగే. పని నగరంలో, ఇల్లు పల్లెలో. కాటు నగరంలో పడితే మూడవ సూది నాటికి పండుగకో పంటకో ఊరికి చేరి ఉండవచ్చు. కాటు ఊరిలో పడితే సీరం కోసం నగరానికి రావలసి ఉండవచ్చు. రాష్ట్రం మారినంత మాత్రాన వైద్యం మొదటికి రాదన్నది ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి.

నగరంలో చర్మంలోకి మొదలుపెట్టిన టీకాను ఊరి ఆసుపత్రిలో ఆ పద్ధతి లేకపోతే కండలోకి ఇచ్చి కొనసాగించవచ్చు. ఒక కంపెనీ టీకా దొరకకపోతే మరొకటి వాడవచ్చు. తప్పనిసరి అయినప్పుడు ఈ మార్పు చేసుకోవచ్చునని, మళ్లీ మొదటినుంచి ప్రారంభించనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక తేదీ తప్పిపోతే మానివేయకుండా ఆ సూది నుంచే కొనసాగించాలి. ఆలస్యమైందని ఇంట కూర్చోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కాటు పడి ఎన్ని రోజులైనా వైద్యుని దగ్గరకు పోవలసిందే. ఆసుపత్రివారు ఇచ్చిన చీటీ మీద మందు పేరు, తేదీ, ఇచ్చిన పద్ధతి, సీరం ఇచ్చినదీ లేనిదీ రాసి ఉండేటట్లు అడిగి చూసుకోవాలి. పొరుగు రాష్ట్రంలోని వైద్యునికి భాష అడ్డమైనా ఆ చీటీ సంగతి చెబుతుంది.

పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు గాయానికి పట్టించడం, మంత్రం వేయించడం, కుక్క బతికి ఉన్నదా చచ్చిందా అని పది రోజులు చూసి అప్పుడు ఆసుపత్రికి పోదామనుకోవడం పల్లెలలో ఇప్పటికీ ఉన్నది. ఆసుపత్రి దూరమైన చోటనే ఈ అలవాట్లు గట్టిగా వేళ్లూనుకున్నాయి. కుక్కను గమనించడం మంచిదే కాని, సూది మొదలుపెట్టిన తరువాతనే గమనించాలి.

2030 నాటికి కుక్కల ద్వారా సంక్రమించే రేబిస్ మరణాలు లేకుండా చేయాలని 2021 సెప్టెంబరులో దేశం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించుకున్నది. ఆ లక్ష్యం నెరవేరినదీ లేనిదీ గిడ్డంగులలోని సీసాలను లెక్కపెడితే తేలదు. నగరపు అంచున గుడిసెలో ఉన్న పిల్లవాడికి నాలుగవ సూది పడిందా లేదా అన్నదే దానికి కొలత. ప్రభుత్వాలు ఆ కొలత పట్టుకునే వరకు ప్రతి ఇంటిలో ఉన్న వైద్యం మొదటిది మాత్రమే: సబ్బు, ధారగా పడే నీళ్లు, 15 నిమిషాలు. ఆ తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రి దారి పట్టాలి.